అపర భగీరథుడికీ అలసట వచ్చింది
(సర్ ఆర్థర్ కాటన్ జీవితం నుండి మనం నేర్చుకోవలసిన ఒక పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సంచికలో మహనీయుల జీవితాలు చదువుతూనే ఉన్నాం. బాబాసాహెబ్ అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, మహాకవి జాషువా గురించి మన అన్నలు ఎంతో బాగా రాశారు. ఈసారి మాకు అవకాశం ఇచ్చినప్పుడు మేము మన కొవ్వూరుకు కూతవేటు దూరంలో పనిచేసిన ఒక మనిషిని ఎంచుకున్నాం. ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. ఆయనే కాటన్ దొర.

ఆనకట్ట ఎవరు కట్టారు, ఏ సంవత్సరంలో కట్టారు అని అడిగితే మనలో ఆరో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ ఆనకట్ట పని నడుస్తూ ఉండగానే ఆయన ఆరోగ్యం దెబ్బతిని, బాధ్యత మరొకరికి అప్పగించి, సముద్రం దాటి వెళ్ళిపోయాడని మనలో ఎంతమందికి తెలుసు? మాకూ నిరుటి దాకా తెలియదు. తెలిసిన రోజు నుండి ఆ విగ్రహాన్ని మేము చూసే చూపు మారింది. ఎందుకు మారిందో చెప్పాలంటే ముందు మా సంగతి కొంత చెప్పుకోవాలి.

మా సంగతి

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. పి.జి.లో సీటు వచ్చిన రోజు మా వీధి వీధంతా సంతోషించింది. ఆ సంతోషమే తరువాత మాకు బరువైంది. మేము ఫెయిలైతే మేమొక్కరమే ఫెయిలైనట్టు కాదు, అమ్మ, నాన్న, చెల్లి, మా తరువాత చదువుదామనుకునే వీధి పిల్లలు అందరూ ఫెయిలైనట్టే అనిపించేది. రాత్రి రెండు దాటినా నిద్ర వచ్చేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలిపోయేవి. అన్నం ముందు కూర్చుంటే వాంతి వచ్చినట్టుండేది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఎండలో ఊడ్పులకు వెళ్ళే అమ్మే అలసిపోయానని ఎప్పుడూ అనలేదు, ఫ్యాను కింద కూర్చుని చదువుకునే మనకు అలసటేమిటి అని సిగ్గు.

చివరికి నిరుడు వేసవిలో ఒకరోజు సంచి సర్దుకుని ఇంటికి వచ్చేశాం. తిడతారనుకున్నాం. అమ్మ ఒక్క మాట అడగలేదు. చాప పరచింది. నాలుగు రోజులు నిద్రపోయాం. అయిదో రోజు నాన్న తనతో పాటు కాలువ గట్టుకు తీసుకువెళ్ళారు. అవి కాలువలు కట్టేసిన రోజులు. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేస్తారని మీకు తెలుసు. నాన్న ఆ రోజుల్లో పూడిక తీసే పనికి వెళతారు. ఎండిన కాలువ అడుగున నిలబడి, లాకుల తలుపులకు మరమ్మతు చేసేది ఇప్పుడేననీ, గట్లు గట్టి చేసేది ఇప్పుడేననీ, ఏడాదికి ఈ కొద్ది రోజులూ కట్టకపోతే సార్వాకు శివారు పొలాలకు నీరు చేరదనీ ఆయన మాకు వివరించారు. ఆయన కాలువ గురించే చెప్పారు. మాకు మాత్రం మా గురించి చెప్పినట్టే వినిపించింది.

ఈ కాలువ తవ్వించిన మనిషి ఎలా బతికాడో తెలుసుకోవాలని అప్పుడే బుద్ధి పుట్టింది.

పదిహేనేళ్ళ వయసులో

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తల్లిదండ్రులకు పదకొండు మంది కొడుకులు. వారిలో ఈయన పదవవాడు. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చేరి ఇంజనీరింగ్ నేర్చుకున్నాడు. 1821లో, అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, మద్రాసులో ఓడ దిగాడు. ఇల్లు వదిలి, భాష తెలియని చోట ఒంటరిగా అడుగుపెట్టడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

మొదట దక్షిణాది జిల్లాల్లో చెరువుల పని చూశాడు. తరువాత బర్మా యుద్ధానికి వెళ్ళివచ్చాడు. ఆ పిదప కావేరి ప్రాంతానికి చేరాడు. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుక మీద రాతి కట్టడం వందల ఏళ్ళు ఎలా నిలిచిందన్నది ఆయనకు గొప్ప ఆశ్చర్యం. ఇసుకలో పునాది వేసే విద్య తమకు ఈ దేశపు పాతకాలపు పనివారి నుండే అబ్బిందని ఆయన దాచుకోకుండా ఒప్పుకున్నాడు. ఆ విద్యతో 1836 నాటికి కొల్లడం నది మీద ఆనకట్టలు కట్టించాడు.

ఆ పనుల ఎండలకు, జ్వరాలకు ఆయన శరీరం పాడైంది. దీర్ఘ సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళాడు. అక్కడ టాస్మేనియాలో 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహం చేసుకున్నాడు. 1843లో తిరిగి వచ్చి విశాఖపట్నంలో పనిచేశాడు. అక్కడి నుండే గోదావరి పిలుపు వచ్చింది.

నీళ్ళున్నా కరువు

ఆనాటి గోదావరి జిల్లాను ఈనాడు ఊహించడం కూడా కష్టం. 1832-33లో వచ్చిన నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన ఊళ్ళను తుడిచిపెట్టింది. 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్న జిల్లా జనాభా ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అయిదున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. వానాకాలంలో గోదావరి ఊళ్ళ మీద పడేది. వేసవిలో అదే గోదావరి అడుగున సన్నగా పారుతుంటే గట్టు మీద పొలం ఎండిపోయేది. నీరు లేకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదది. నీటిని ఒక మట్టానికి తెచ్చి పంచే ఏర్పాటు లేకపోవడం వల్ల వచ్చిన కష్టం.

కాటన్ ఈ ప్రాంతమంతా తిరిగి, నేల వాలు కొలిచి, 1844లో ఒక నివేదిక, 1845లో మరొక నివేదిక ఇచ్చాడు. 1846 చివరిలో పై నుండి అనుమతి వచ్చింది. 1847లో పని ప్రారంభమైంది.

ఆ పని ఎంత పెద్దదో చూడండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్య మధ్య లంకలు. రాతి కట్టడం పొడవే సుమారు 12 వేల అడుగులు, ఎత్తు 12 అడుగులు. ఏటిలో పని జరిగేది నీరు తగ్గిన కొద్ది నెలలే. జూన్ దాటితే వరద. ధవళేశ్వరం కొండ రాయిని పడవల మీద మధ్య ఏటికి చేర్చాలి. వేలాది కూలీలకు పని చెప్పాలి, లెక్క చూడాలి. ఆయన అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. అనుభవం లేని కుర్రవాళ్ళు కొద్దిమందే దొరికారు. వీణెం వీరన్న గారి వంటి సమర్థుడైన తెలుగు అధికారి తోడుగా ఉండటం వల్లనే పని సాగింది.

పని ఆపిన రోజు

1848లో కాటన్ ఆరోగ్యం మళ్ళీ దెబ్బతింది. ఒక్కసారి ఆలోచించండి. ఇన్నేళ్ళ కల. సగంలో ఉన్న కట్టడం. ఖర్చు దండగన్న పెద్దలు పైన ఉన్నారు. అటువంటి వేళ నేను లేకపోతే ఇది ఆగిపోతుందని పట్టుబట్టి, ధవళేశ్వరంలోనే ప్రాణం పోగొట్టుకుని ఉంటే లోకం ఆయనను త్యాగమూర్తి అని ఉండేది. ఆయన అలా చేయలేదు. తన తరువాతివాడైన కెప్టెన్ ఓర్‌కు బాధ్యత అప్పగించి, ఆస్ట్రేలియాకు వెళ్ళాడు. సుమారు రెండేళ్ళు ఇక్కడ లేడు.

ఆయన లేనందుకు గోదావరి ఆనకట్ట ఆగలేదు. ఓర్ పని నడిపించాడు. 1850లో కాటన్ కోలుకుని తిరిగి వచ్చాడు. కల్నల్‌గా పదోన్నతి పొందాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఇక్కడ ఇంకొక విశేషం ఉంది. కాటన్ లేని రోజుల్లో బరువు మోసి ఆరితేరిన ఆ ఓర్, తరువాత బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టను కట్టించి 1855లో పూర్తి చేశాడు. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు కట్టించాడు. అంతా తానే చేయాలని కాటన్ అనుకుని ఉంటే వీరెవరూ పైకి వచ్చేవారు కారు. కష్టాన్ని పంచుకోవడం వల్ల తనకు ఊపిరి దొరికింది, ఇతరులకు ఎదుగుదల దొరికింది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి

మేము కాటన్ దొరకు దండం పెట్టి ఊరుకోవడానికి ఇది రాయడం లేదు. ఆయనకు సెలవు ఉంది, ఓడ ఉంది, తిరిగి వస్తే ఉద్యోగం ఉంది. ఏట్లో రాయి మోసిన వేలాది కూలీలకు ఆ సెలవు లేదు. ఎండదెబ్బ తగిలితే వాళ్ళు ఏ ఆస్ట్రేలియాకు వెళ్ళారు? వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. ఆనకట్ట వచ్చాక పది లక్షల ఎకరాలకు పైగా నీరు పారింది, కానీ ఆ పొలాల్లో వంగి ఊడ్చినవాళ్ళకు పొలం రాలేదు. మన అమ్మానాన్నలు ఆ కూలీల వారసులే. ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి ఉండదు. విశ్రాంతి అంటే మనకు సిగ్గు కలగడం మన స్వభావం వల్ల వచ్చింది కాదు. తరతరాలుగా విశ్రాంతి మన ఇళ్ళకు అందనందువల్ల వచ్చింది.

అందుకే మేము అనుకుంటున్నాం. దొరకు దక్కిన హక్కును మనం కూడా తీసుకోవాలి. మనం ఒక పూట నిద్రపోతే అమ్మ కష్టాన్ని అవమానించినట్టు కాదు. అమ్మకు దొరకని విశ్రాంతి బిడ్డకైనా దొరకాలనే అమ్మ మనల్ని హాస్టల్లో చేర్చింది.

ఓటమి తరువాత, ముసలితనంలో

కాటన్ జీవితంలో అన్నీ విజయాలే కావు. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. కానీ ఆయన ఆలోచనతో ఒక కంపెనీ చేపట్టిన కర్నూలు-కడప కాలువ నష్టాల పాలై, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. రైళ్ళ కన్నా పడవ కాలువలే ఈ దేశానికి మేలని ఆయన జీవితమంతా వాదించాడు. ప్రభుత్వం రైళ్ళ వైపే మొగ్గింది. 1878లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, పార్లమెంటు సంఘం ముందు నిలబడి తన లెక్కలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోతుంటే గోదావరి డెల్టా తాను తిని ఇతరులకు కూడా ధాన్యం పంపగలిగింది. అయినా ఆయన పెద్ద పథకాలకు ఆమోదం దక్కలేదు.

అలా కాదన్నారని ఆయన కుంగిపోయి మూల కూర్చోలేదు. ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడి, పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. భాషలు నేర్పే సులువైన పద్ధతి గురించి ఆలోచించి, 1876లో అరబ్బీ నేర్చుకునేవారికి ఒక చిన్న వాచకం ప్రచురించాడు. చేసిన పనికి మెప్పు రాకపోయినా, చేయడానికి ఇంకో పని ఉంచుకున్నాడు. పదే పదే జబ్బుపడిన ఆ శరీరం 96 ఏళ్ళు నిలిచింది. 1899 జూలై 24న ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది కూతురు ఆయన జీవిత చరిత్రను వెలువరించింది.

ఆయన కట్టించిన పాత ఆనకట్టకు వయసు మళ్ళడంతో 1970లో కొత్త బ్యారేజీ పని ప్రారంభించి 1982లో పూర్తి చేశారు. 175 తలుపులున్న ఆ బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. స్నానఘట్టాల్లో సంకల్పం చెప్పేటప్పుడు ఆయనను తలచుకునే పురోహితులు ఇప్పటికీ ఉన్నారు.

ఆనకట్ట చెప్పే పాఠం

తమ్ముళ్ళారా! ఈసారి విజ్జేశ్వరం వెళ్ళినప్పుడు ఒక సంగతి గుర్తుచేసుకోండి. ఆ పాత ఆనకట్ట గోదావరిని పూర్తిగా ఆపడానికి కట్టింది కాదు. ఆపబోతే వరదకు అది నిలిచేది కాదు. పన్నెండు అడుగుల ఎత్తే ఉంచి, వరదను తన మీదుగా పోనిచ్చి, కావలసిన నీటినే మట్టం పెంచి కాలువల్లోకి మళ్ళించింది. ఇసుక మేట వేయకుండా కాలువల తల దగ్గర తూములు పెట్టి ఎప్పటికప్పుడు కడిగేసింది.

మన మీద ఒత్తిడి కూడా వరద వంటిదే. ఇంట్లో అప్పు, చెల్లి పెళ్ళి, పరీక్ష, ఉద్యోగ ప్రకటన, తోటివాడికి వచ్చిన ర్యాంకు, అన్నీ ఒకేసారి వస్తాయి. వాటిని రాకుండా చేయడం మన చేతిలో లేదు. అన్నింటికీ ఒక్క రాత్రిలో జవాబు వెతకాలని చూస్తే మనమే కొట్టుకుపోతాం. ఈ రోజుకు కావలసినంత పని తీసుకుని మిగతాది పైనుంచి పోనివ్వాలి.

మేము పాటిస్తూ ఫలితం చూసిన కొన్ని సంగతులు చెబుతాం. రాత్రి పది, పదిన్నరకు పుస్తకం మూసేస్తున్నాం. నిద్ర చెడగొట్టుకుని చదివినది పరీక్ష హాల్లో గుర్తుకు రాలేదని అనుభవం మీద తెలిసింది. సాయంత్రం ఒక గంట ఆట గానీ నడక గానీ మానడం లేదు. ఆదివారం ఒక పూట మేము కాలువ కట్టేస్తాం, అంటే ఆ పూట పుస్తకం ముట్టం. అన్నిటికన్నా ముఖ్యంగా, మనసు బాగోలేనప్పుడు ఒక్క మనిషికైనా చెబుతున్నాం. కాటన్‌కు ఓర్ దొరికినట్టు మనకూ ఒకరు ఉండాలి. పక్క మంచం మిత్రుడు కావచ్చు, వార్డెన్ గారు కావచ్చు, ట్యూటర్ గారు కావచ్చు, హాస్టల్ వదిలి వెళ్ళిన అన్న కావచ్చు. ఎవరికీ చెప్పుకోలేని బాధ అయితే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళడం ఎంత మామూలో ఇదీ అంతే.

పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి. మీరు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీ ఉద్యోగం గురించి, జీతం గురించి చెబుతారు. మాకు గర్వంగా ఉంటుంది. దానితో పాటు మీరు తప్పిన పరీక్ష, మీరు ఏడ్చిన రాత్రి, ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకున్న రోజు గురించి కూడా ఈ పిల్లలకు చెప్పండి. అలా ఇక్కడ ఎవరైనా ఒక అన్న అప్పట్లో మాకు చెప్పి ఉంటే, నిరుడు మేము అన్ని రాత్రులు ఒంటరిగా గడిపేవాళ్ళం కాదేమో.

ఇంటి దగ్గర పదిహేను రోజులుండి మేము తిరిగి చదువుకు వెళ్ళాం. ఒక పేపరు పోయింది. సప్లిమెంటరీలో రాశాం, వచ్చింది. ఆ సంగతి అమ్మకు ఫోనులో చెప్పినప్పుడు ముందు అన్నం తిన్నారా అని అడిగింది. ఆ రోజే మా ఊరి కాలువకు నీళ్ళు వదిలారని నాన్న చెప్పారు. పూడిక తీసిన కాలువ కదా, నీరు శివారు దాకా త్వరగా అందిందట.

మీ అందరి చదువులూ అలాగే సాఫీగా సాగాలని, ఆగవలసిన రోజున ధైర్యంగా ఆగి, మళ్ళీ నిండుగా పారాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.